కారవాన్ ట్రైలర్‌కు సైడు డిక్కీ పెట్టించాలా? గోడ కోయకముందు తేల్చుకోవాల్సినవి

కారవాన్ ట్రైలర్ కొన్నవాళ్లకైనా, షెడ్డులో కట్టించుకున్నవాళ్లకైనా ఒకటి రెండు ప్రయాణాలు అయ్యేసరికి ఒకే కోరిక పుడుతుంది. మంచం కింద బోలెడు జాగా ఉంటుంది. అందులోంచి ఒక మడత కుర్చీ తీయాలంటే మాత్రం చెప్పులు విప్పి లోపలికెళ్లాలి, పరుపు ఎత్తాలి, కింది పలక తీయాలి, బురదంటిన కుర్చీని దుప్పట్ల మీదుగా బయటికి తేవాలి. బస్సుకు ఉన్నట్టు మన బండికీ పక్కన ఒక డిక్కీ డోరు ఉంటే ఎంత బాగుండు అనిపించడం సహజం.

బాగానే ఉంటుంది కూడా. అయితే ఇది అద్దం మార్చినట్టో, సీటు కవర్లు వేసినట్టో కాదు. గోడకు పెట్టిన కంత ఆ బండి ఉన్నన్నాళ్లూ ఉంటుంది. దాని చుట్టూ ఉండే నాలుగు అంచుల గుండా వాన లోపలికి రావాలని చూస్తుంది, మన దక్షిణ తెలంగాణ రోడ్ల మీద ఎర్రమట్టి దుమ్ము అంతకంటే గట్టిగా చూస్తుంది. నా మట్టుకు నేను చెప్పేది ఇదే: అడిగేవాళ్లలో ఎక్కువమందికి గోడ కోయాల్సిన అవసరం ఉండదు. నిజంగా అవసరం ఉన్నవాళ్లు పద్ధతి ప్రకారం పోతే చక్కగా పనికొస్తుంది. మీరు ఏ కోవలోకి వస్తారో వరుసగా చూసుకోండి.

1. ముందు ఏం తీస్తున్నారో రాసుకోండి

వచ్చే రెండు మూడు ప్రయాణాల్లో ఒక చిన్న పుస్తకం తలుపు దగ్గర వేలాడదీయండి. మంచం కింద నుంచి ఏ వస్తువు తీశారు, రోజుకు ఎన్నిసార్లు తీశారు, అది తడిగా ఉందా, మట్టితో ఉందా అన్నది అప్పటికప్పుడే రాయండి. ఇంటికొచ్చాక గుర్తు తెచ్చుకుని రాస్తే మనసు మనం కోరుకున్న జవాబే చెబుతుంది.

రాసినదాన్ని చూస్తే వస్తువులు రెండు రకాలుగా విడిపోతాయి. ఆగిన ప్రతిచోటా కావాల్సినవి ఒకటి: చక్రాల కింద పెట్టే చెక్కదిమ్మలు, లెవెల్ జాకీలు, కరెంటు వైరు చుట్ట, నీళ్ల పైపు, మడత కుర్చీలు. రాత్రికో, రెండ్రోజులకో ఒకసారి తీసేవి ఇంకొకటి: అదనపు దుప్పట్లు, స్పేర్ సామాన్లు, పెద్ద వంటగిన్నెలు. డిక్కీ డోరు పనికొచ్చేది మొదటి రకానికే. మీ జాబితాలో రెండో రకమే ఎక్కువుంటే ఇక్కడితోనే తేలిపోయినట్టు.

మనవైపు ఇంకో సంగతి కూడా ఉంది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ గుండా పోయే శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరు. ఆలస్యమైతే మన్ననూరు దగ్గరే ఆగిపోవాలి. చీకట్లో, ఒక్కోసారి వానలో, రోడ్డు పక్కన దిమ్మలు పెట్టుకుని బండి నిలబెట్టాలి. ఇలా దారిలో ఆగడం మీకు మామూలైతే బయటి డోరు విలువ పెరుగుతుంది. నేరుగా సాగర్‌కో, సోమశిలకో పోయి అక్కడే మూడు రోజులు ఉండేవాళ్లైతే, పోయినరోజు ఒకసారి సామాను దించుకుంటే చాలు. దానికోసం గోడ కోయడం దండగ.

2. కోయకుండా జరుగుతుందేమో చూడండి

మంచం పలకకు రెండు గ్యాస్ స్ట్రట్లు పెట్టిస్తే పరుపుతో సహా ఒక్క చేత్తో పైకి లేస్తుంది. కారు డిక్కీ పైకి లేచినప్పుడు నిలబెట్టే కడ్డీలు ఇవే. మంచం పక్క పలకకు లోపలివైపు కబ్జాలతో తలుపు పెట్టించుకుంటే పరుపు ఎత్తే పని కూడా ఉండదు. ట్రైలర్ ప్రధాన తలుపు మంచానికి దగ్గరగా ఉంటే, ఈ లోపలి తలుపుతోనే సగం బాధ తీరుతుంది.

బురద సామాను కోసమైతే లాగే బండి డిక్కీలో ఒక ప్లాస్టిక్ డబ్బా మేలు. దిమ్మలు, జాకీలు ఎలాగూ ట్రైలర్ విప్పేటప్పుడే కావాలి, అప్పుడు మనిషి నిలబడేది కారుకూ ట్రైలర్‌కూ మధ్యనే. ట్రైలర్ ముందు భాగంలో త్రికోణపు చాసిస్ మీద ఇనుప పెట్టె బిగించడం ఇంకో దారి. దానివల్ల హిచ్ మీద, అంటే ట్రైలర్‌ను కారుకు తగిలించే కొక్కెం మీద, బరువు పెరుగుతుంది కాబట్టి కింది లెక్క చూసుకున్నాకే బిగించండి.

3. కాటా మీద తూచుకోండి

డిక్కీ డోరు బరువు పెద్దగా ఉండదు. డోరు వచ్చాక అందులో మనం పెట్టే సామానుతోనే అసలు చిక్కు. చేతికి అందేచోట జాగా ఉంటే నింపకుండా ఉండలేం. ఫ్లోరైడ్ భయంతో మన జిల్లాలవాళ్లు మంచినీళ్లు వెంట తీసుకుపోవడం మామూలే. 20 లీటర్ల క్యాన్లు మూడు పెడితే అక్కడే 60 కిలోలు దాటింది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. సామానుతో కలిపి ట్రైలర్ 1,200 కిలోలు ఉందనుకోండి. హిచ్ మీద 96 కిలోలు పడుతోంది, అంటే 8 శాతం. ఇరుసు నుంచి హిచ్ దాకా 3.5 మీటర్లు. డిక్కీ ఇరుసుకు 2 మీటర్లు వెనక పెట్టించి అందులో 60 కిలోలు వేశారు. 60ని 2తో గుణించి 3.5తో భాగిస్తే 34 వస్తుంది. హిచ్ మీద బరువు అన్ని కిలోలు తగ్గి 62కి పడిపోతుంది. మొత్తం బరువేమో 1,260కి పెరిగింది. శాతం చూస్తే 5 కంటే తక్కువ. అమెరికాలో హిచ్ మీద 10 నుంచి 15 శాతం ఉండాలంటారు, యూరప్‌లో తేలికపాటి కారవాన్లకు 5 నుంచి 7 శాతం చాలంటారు. ఎవరి లెక్క తీసుకున్నా మన ట్రైలర్ ఇప్పుడు తోక బరువెక్కిన బండి. జడ్చర్ల దాటాక 44వ నంబరు జాతీయ రహదారి మీద పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోతే, ఆ గాలికి తోక ఊగడం మొదలవుతుంది. ఒకసారి ఊగడం మొదలైతే ఆపడం చాలా కష్టం.

అందుకని తూకం తప్పనిసరి. మొత్తం బరువుకు లారీ కాటా చాలు. నల్లగొండ, మిర్యాలగూడ చుట్టుపక్కల రైసుమిల్లుల దగ్గర ఎక్కడైనా దొరుకుతుంది. హిచ్ బరువుకు మాత్రం లారీ కాటా పనికిరాదు, అది సాధారణంగా ఐదూ పది కిలోల మెట్లలో చూపిస్తుంది. బియ్యం బస్తాలు తూచే ప్లాట్‌ఫాం కాటా దొరికితే దాని మీద చెక్కదిమ్మ పెట్టి, ట్రైలర్‌ను సమతలంగా ఉంచి, హిచ్‌ను దిమ్మ మీదికి దించండి. ప్రయాణానికి ఎంత సామాను వేస్తారో అంతా వేసే తూచాలి. ఖాళీ బండి తూకం వల్ల ఉపయోగం లేదు.

ట్రైలర్ ప్లేటు మీద రాసిన గరిష్ఠ బరువుకు ఇప్పటికే దగ్గరలో ఉంటే డిక్కీ ఆలోచన పక్కన పెట్టండి. ఉన్న సామానును ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చడానికే డోరు కావాలంటే సరే. కొత్త సామాను చేర్చడానికైతే వద్దు.

4. గోడ లోపల ఏముందో తెలుసుకోండి

పని చెడేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి తొందరపడకండి.

మనవైపు షెడ్లలో కట్టే ట్రైలర్లకు సాధారణంగా ఎంఎస్ (మామూలు ఇనుము) చదరపు ట్యూబులతో అస్థిపంజరం కడతారు. దాని మీద బయట అల్యూమినియం రేకో, జీఐ రేకో (జింకు పూత వేసిన ఇనుప రేకు), ఏసీపీ షీటో (రెండు పలచటి అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక). మధ్యలో థర్మాకోల్, గ్లాస్‌వూల్ లేదా పఫ్ అనే గట్టి నురుగు. లోపల ప్లైవుడ్. రెండో రకం శాండ్‌విచ్ ప్యానెల్: రెండు ఫైబర్ పొరల మధ్య నురుగు పలకను అతికించి గోడ మొత్తం ఒకే ముక్కగా చేస్తారు. అందులో ట్యూబులు ఉండకపోవచ్చు, బయటి పొరే బరువు మోస్తుంది. విదేశాల నుంచి వచ్చిన పాత కారవాన్లలో కర్రబద్దల అస్థిపంజరం మీద పలచటి అల్యూమినియం రేకు కనిపిస్తుంది.

మీది ఏ రకమో కట్టినవాళ్లనే అడగండి. కట్టేటప్పుడు తీసిన ఫోటోలుంటే వాటికి మించింది లేదు. ఫోటోలు లేకపోతే చిన్న అయస్కాంతం పట్టుకుని అల్యూమినియం లేదా ఏసీపీ గోడ మీద మెల్లగా జరపండి. లోపల ఇనుప ట్యూబు ఉన్నచోట కొద్దిగా లాగుతుంది, అక్కడ పెన్సిలు గీత పెట్టండి. జీఐ రేకైతే అయస్కాంతం అంతటా అంటుకుంటుంది కాబట్టి రివిట్ల వరుసను బట్టి, వేలితో తట్టినప్పుడు వచ్చే చప్పుడును బట్టి పోల్చుకోవాలి. చలికాలం పొద్దున్నే మంచు పడ్డ గోడను చూడటం ఇంకో ఉపాయం. ట్యూబు ఉన్నచోట, లేనిచోట రేకు వేడి వేరుగా ఉంటుంది కాబట్టి మంచు ఆరే తీరూ వేరుగా ఉండి, లోపలి చట్రం గీతలు గీసినట్టు బయటికి కనబడుతుంది. సూర్యుడు కాస్త పైకొస్తే ఆ గీతలు మాయమవుతాయి, వెంటనే ఫోటో తీసుకోండి.

తర్వాత వైర్లు. ఎలక్ట్రీషియన్ల దగ్గరుండే టెస్టర్ పెన్ను గోడలో 230 వోల్టుల ఏసీ లైనును పసిగడుతుంది. 12 వోల్టుల బ్యాటరీ లైను దానికి అందదు. ట్రైలర్ గోడల్లో ఎక్కువగా పరుగెత్తేది ఆ 12 వోల్టుల లైన్లే. టెస్టర్ మోగలేదు కదా అని బ్లేడు దింపకండి. ప్రతి లైటు, స్విచ్చు, పంపు, వెనక టెయిల్ లైటు వైరు ఎటు నుంచి ఎటు పోతోందో ఒక్కొక్కటే వెతకండి. నీళ్ల పైపు, గ్యాసు పైపు, మంచం కింద ట్యాంకు, చక్రపు గుమ్మటం కూడా కొలిచి ఒక కాగితం మీద గీయండి.

చివరగా గోడ ఆరోగ్యం. డోరు పెట్టాలనుకున్నచోట లోపలి ప్లైవుడ్ అంచును, ముఖ్యంగా నేలకు తగిలే మూలను, దగ్గర్లోని కిటికీ కింది మూలను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. దేవరకొండలో మాకు తెలిసినవాళ్ల ట్రైలర్‌లో బయట రంగు నిగనిగలాడుతోంది. లోపల బీడింగ్ తీసి చూస్తే కిటికీ కింది మూలలో ప్లై నల్లగా మారింది. స్క్రూడ్రైవర్ ఆనించగానే టీలో ముంచిన బిస్కెట్‌లోకి దిగినట్టు దిగిపోయింది. వాళ్లు పెట్టించాలనుకున్న డిక్కీ సరిగ్గా దాని కిందే. పాత కిటికీ సీలు నుంచి ఎన్నాళ్లుగానో నీళ్లు దిగుతున్నాయన్నమాట. అలాంటి గోడకు ముందు వైద్యం చేయాలి. తడి ఎక్కడి నుంచి వస్తోందో ఆపి, కుళ్లిన ప్లై మార్చి, ఒక వానాకాలం గడిచాకే కొత్త కంత మాట ఎత్తాలి.

5. ఎక్కడ, ఎంత

ట్రైలర్ వెనక గోడకు డోరు పెట్టకండి. ఇది నా గట్టి మాట. బండి ముందుకు పోతుంటే దాని వెనకాల గాలి ఒత్తిడి తగ్గుతుంది, చక్రాలు లేపిన దుమ్మంతా అక్కడ సుడి తిరుగుతూ వెనక గోడకు అతుక్కుంటుంది. ఏ సందు దొరికినా లోపలికి దూరుతుంది. కోయిల్‌సాగర్ వైపో, కృష్ణ ఒడ్డు పల్లెల వైపో మొరం రోడ్డు మీద పోయివచ్చిన ఏ బండి వెనక భాగమైనా చూడండి, సంగతి అర్థమవుతుంది. చక్రానికి సరిగ్గా వెనకుండే పక్కగోడకూ ఇదే బాధ, రాళ్లు, బురద నేరుగా కొడతాయి.

అన్నిటికన్నా మంచిచోటు ఎడమ పక్కగోడ, ఇరుసుకు ముందుభాగం. మనం ఎడమ పక్కన బండి ఆపుతాం కాబట్టి డోరు తెరిచి వంగినప్పుడు వెనక నుంచి లారీలు వచ్చే భయం ఉండదు. ఇరుసుకు ముందు కాబట్టి హిచ్ బరువు తగ్గదు, కొద్దిగా పెరుగుతుంది. ఆ పెరుగుదల మీ కారు హిచ్ తట్టుకునే పరిమితి లోపలే ఉందో లేదో చూసుకోండి. మీ మంచం వెనకవైపే ఉంటే, డోరు వీలైనంత ఇరుసుకు దగ్గరగా జరపండి, అందులో తేలికైన వస్తువులకే చోటివ్వండి.

సైజు కోసం మీరు తీసే వస్తువుల్లో పెద్దదాన్ని కొలిచి, చుట్టూ రెండేసి అంగుళాలు కలపండి. ఆ కొలతకు అట్టపెట్టె ముక్కలో కంత కోసి, మంచం చట్రానికి టేపుతో అతికించి, ఇంట్లోవాళ్లతో కుర్చీ, పైపు చుట్ట అందులోంచి తీయించి చూడండి. చాలాసార్లు అనుకున్నదానికంటే చిన్న కంతే సరిపోతుంది. కంత చిన్నదైతే అంచు పొడవు తగ్గుతుంది, వాన దూరే జాగా తగ్గుతుంది. ట్యూబును కోయకుండా రెండు ట్యూబుల మధ్య పట్టే సైజు దొరికితే అదే తీసుకోండి, రెండంగుళాలు తక్కువైనా సరే. లోపలి నేలకు సమానంగా కాకుండా కనీసం రెండంగుళాలు ఎత్తులో కింది అంచు ఉంచండి. తెరవగానే సామాను జారి పడదు, లోపల ఏదైనా ఒలికినా సీలు మీద నిలవదు.

గ్యాసు సిలిండర్ ఈ డిక్కీలో పెట్టకండి. ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే నేల పట్టుకుని మంచం కింద నిండుతుంది, పడుకునేది దాని పైనే. సిలిండర్‌కు లోపలి గదితో సంబంధం లేని, అడుగున బయటికి గాలి రంధ్రాలున్న వేరే అర ఉండాలి.

6. కాగితాలు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. పత్రంలో ఖాళీ బరువు, కొలతల వంటివి ఉంటాయి. చిన్న డోరు వల్ల ఇవి మారకపోవచ్చు. అయినా కొలతలతో ఒక బొమ్మ గీయించి, జిల్లా రవాణా కార్యాలయంలో అడిగి, జవాబు రాతపూర్వకంగా తెచ్చుకోండి. బీమా కంపెనీకి పని మొదలుపెట్టకముందే మెయిల్ పెట్టండి. డోరు, దాని పిడి గోడకంటే బయటికి పొడుచుకు రాకుండా ఉండేవే ఎంచుకోండి, బండి వెడల్పుకు 2.6 మీటర్ల పరిమితి ఉంది. వారంటీలో ఉన్న ట్రైలరైతే గోడ కోస్తే ఏమవుతుందో తయారీదారునే అడగండి.

7. ఇక్కడ ఆగి తేల్చండి

ఆగిన ప్రతిచోటా కావాల్సిన వస్తువులు మీ పుస్తకంలో నిజంగా ఉన్నాయా? స్ట్రట్లు, లోపలి తలుపు పెట్టినా అవి చేతికి అందవా? సామాను వేశాక కూడా మొత్తం బరువు, హిచ్ బరువు హద్దులో ఉంటాయా? గోడ పొడిగా, గట్టిగా ఉందా? ట్యూబు, వైరు, పైపు తగలని చోటు దొరికిందా? అన్నిటికీ అవును అయితే ముందుకు పదండి. బరువు దగ్గర గానీ గోడ దగ్గర గానీ కాదు అని వస్తే, మిగతావన్నీ అవును అయినా వద్దు. మొదటి రెంటిలో సందేహం ఉంటే స్ట్రట్లు పెట్టించి ఒక సీజన్ గడపండి. స్ట్రట్లు నచ్చకపోతే తీసేయొచ్చు, కోసిన కంతకు ఆ అవకాశం లేదు.

8. డోరు ఎంపిక

రెడీమేడ్ డోరు చట్రంతో సహా దొరుకుతుంది. కొన్ని రకాల్లో మన గోడ నుంచి కోసిన ముక్కనే డోరు పలకగా బిగించుకోవచ్చు, రంగు, మందం రెండూ కలిసిపోతాయి. వెల్డింగ్ షాపులో చేయించుకోవడమూ జరుగుతుంది గానీ, నా సలహా రెడీమేడే. రబ్బరు నొక్కుకోవడానికి చట్రం నాలుగు వైపులా ఒకే మట్టంలో ఉండాలి. వేడికి వంకర తిరిగే వెల్డింగ్ చట్రంలో ఆ మట్టం నిలబడటం కష్టం.

మూలలు గుండ్రంగా ఉన్నదే తీసుకోండి. రబ్బరు ఈపీడీఎం అనే సింథటిక్ రకం, లోపల బోలుగా ఉబ్బెత్తుగా ఉండేది కావాలి. ఎండకు, వానకు అది నిలబడుతుంది. లాచ్ తిప్పినప్పుడు డోరును లోపలికి లాగి నొక్కే రకం మేలు. దుమ్మును ఆపేది ఆ నొక్కుడే. పైన కబ్జాలున్న డోరు తెరిస్తే వానలో గొడుగులా పనిచేస్తుంది, కాకపోతే పైకి పట్టి ఉంచడానికి స్ట్రట్టో కొక్కెమో కావాలి. తాళం విషయం గట్టిగా చూడండి. అమెరికా కారవాన్ సామానులో సీహెచ్751 అనే ఒకే నంబరు తాళంచెవి లెక్కలేనన్ని బండ్లకు పడుతుంది. మీ డోరుకు అదే వస్తే తాళం మార్పించండి.

9. కోత

ఈ పని చలికాలం చివర, ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. మే నెల ఎండలో రేకు కాలిపోతూ ఉంటుంది, సీలెంట్ పైన గట్టిపడి లోపల పచ్చిగా మిగిలిపోతుంది. జూన్ తర్వాతైతే వాన నమ్మలేం. ముందుగా బ్యాటరీ విప్పండి, బయటి కరెంటు తీసేయండి, సిలిండర్ దించి దూరం పెట్టండి.

గీత గీసిన చోట బయటా లోపలా మాస్కింగ్ టేపు అతికించి, దాని మీద మళ్లీ గీయండి. డ్రిల్ బిట్టుకు లోపలి ప్లైవుడ్ మందం వరకే దిగేలా టేపు చుట్టి, లోపలివైపు నుంచి నాలుగు మూలల్లో చిన్న కంతలు పెట్టండి. ఫోనుకు తగిలించే సన్నని ఎండోస్కోపు కెమెరా వాటిలోంచి దూర్చి చూస్తే వైరు బ్లేడుకు తగిలేంత దగ్గర్లో ఉన్నా కనబడుతుంది. అంతా బాగుంటే మూలల్లో హోల్‌సాతో (డ్రిల్‌కు తగిలించే గుండ్రటి రంపం) గుండ్రపు కంతలు పెట్టి, వాటి మధ్య జిగ్‌సాతో (సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడే కరెంటు రంపం) కోయండి. మూల చతురస్రంగా ఉంటే గతుకుల మీద ఒత్తిడంతా అక్కడే చేరి రేకు గానీ ఫైబర్ గానీ చిట్లుతుంది. శాండ్‌విచ్ ప్యానెల్‌లో ఇది మరీ ముఖ్యం.

గ్రైండర్ పెట్టొద్దని మేస్త్రీకి ముందే చెప్పండి. నిప్పురవ్వలు థర్మాకోల్‌కో, పఫ్‌కో అంటుకుంటే గోడ లోపల్లోపలే మండుతుంది, ఆ పొగ చాలా ప్రమాదం. ట్యూబు కోయక తప్పకపోతే చుట్టుపక్కల నురుగు మొత్తం తీసేసి, తడిబట్ట కప్పి, మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకుని హ్యాక్సాతో కోయించండి. తెగిన ట్యూబుకు పైనా కిందా అడ్డ ట్యూబులు వేసి రెండు పక్కల ట్యూబులకు బోల్టులతో కలపాలి. నురుగు ఉన్న గోడ మీద వెల్డింగ్ వద్దే వద్దు. తెగిన ఇనుప అంచుకు తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ రంగు వేయడం మరవకండి.

శాండ్‌విచ్ ప్యానెల్‌లో కంత అంచు చుట్టూ ఒక అంగుళం లోతున నురుగు గీకి తీసి, ఆ సందులో కర్రబద్ద గానీ అల్యూమినియం చానెల్ గానీ ఎపాక్సీతో అతికించాలి. లేకపోతే స్క్రూలు పట్టుకోవడానికి నురుగు తప్ప ఏమీ ఉండదు. థర్మాకోల్ ఉన్నచోట థిన్నర్ వాసన వచ్చే గమ్ములు వాడకండి, అవి థర్మాకోల్‌ను కరిగించేస్తాయి.

10. బిగింపు

డోరు చట్రం వెనక అంచుకు నాలుగు వైపులా బ్యూటైల్ టేపు వేయండి. ఇది ఎప్పటికీ గట్టిపడని జిగురు పట్టీ. గట్టిపడకపోవడమే మనకు కావాల్సింది. మీటరు పొడవు అల్యూమినియం రేకు 20 డిగ్రీల చల్లదనం నుంచి 60 డిగ్రీల వేడికి పోతే దాదాపు ఒక మిల్లీమీటరు సాగుతుంది. పక్కనున్న ఇనుము అందులో సగమే సాగుతుంది. మన ఎండాకాలంలో రేకు ఆ వేడికి చేరడం రోజూ జరిగేదే. రాయిలా గట్టిపడే సీలెంట్ ఈ సాగుళ్లకు చీలిపోతుంది, బ్యూటైల్ మాత్రం వాటితో పాటే సాగుతుంది.

ఎదురెదురు స్క్రూలను కొద్దికొద్దిగా బిగించండి, టేపు నాలుగువైపులా సమానంగా బయటికి ఉబకాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు వాడి, ప్రతిదాని మొదట్లో చుక్క సీలెంట్ పెట్టండి. లేకపోతే అల్యూమినియం రేకు ఆ కంత చుట్టూ తినుకుపోతుంది. రివిట్లు కొట్టాల్సివస్తే అడుగు మూసి ఉండే రకం అడగండి. మామూలు రివిట్టు మధ్య కంతలోంచి నీళ్లు నేరుగా లోపలికి దిగుతాయి. వారం తర్వాత స్క్రూలు మళ్లీ ఒక చుట్టు బిగించి, ఉబికిన టేపును ప్లాస్టిక్ గరిటెతో కోసేయండి.

ఆ పైన ఎండకు తట్టుకునే పాలీయురేథేన్ సీలెంట్‌ను పై అంచుకు, రెండు పక్కలకు పూయండి. కింది అంచు బయట పూయకండి. ఎప్పుడైనా నీళ్లు లోపలికి చేరితే బయటికి పోయే దారి అదే. మామూలు సిలికాన్ వాడొద్దు. అది ఊడినప్పుడు దాని జిడ్డు మీద మరే సీలెంటూ అంటదు. డోరు పైన అర అంగుళం ఎడంలో, డోరుకంటే రెండువైపులా రెండంగుళాలు పొడవుగా చిన్న చూరు పట్టీ అతికించండి. నా లెక్కలో ఖరీదైన తాళంకంటే ఆ పట్టీ విలువ ఎక్కువ.

లోపల డిక్కీ భాగాన్ని మిగతా మంచం కింది జాగా నుంచి ప్లై పలకతో వేరు చేసి, సందులు మూయండి. దుమ్ము దూరినా పడకగదిలోకి రాదు. డోరు తీయగానే వెలిగే 12 వోల్టుల చిన్న ఎల్‌ఈడీ ఒకటి పెట్టిస్తే మన్ననూరులో చీకటి పడ్డప్పుడు మీకే తెలుస్తుంది దాని సుఖం. సామాను కదలకుండా బెల్టు కొక్కేలు కూడా.

11. పరీక్షలు

రబ్బరుకు సుద్దపొడి రాసి డోరు మూసి తీయండి. చట్రం మీద తెల్లగీత ఎక్కడైనా తెగిందంటే అక్కడ నొక్కుడు లేదని. పదిరూపాయల నోటు అంచులో పెట్టి మూసి లాగి చూడండి, ఎటు లాగినా బిగువుగా రావాలి.

నీళ్ల పరీక్షకు ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చోవాలి, ఒకరు బయట పైపు పట్టాలి. కింద నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి పోండి, ప్రతి అంచు దగ్గర ఐదు నిమిషాలు ఆగండి. పైనుంచి మొదలుపెడితే కిందికి కారే నీళ్లలో లీకు ఎక్కడుందో తెలియదు. కార్‌వాష్ ప్రెషర్ గన్ను మాత్రం సీలు మీదికి కొట్టకండి.

దుమ్ము పరీక్ష ఇంకా తేలిక. డిక్కీలో తెల్లటి పాత పంచె పరిచి, మొరం రోడ్డు మీద ఓ పది కిలోమీటర్లు తిరిగి రండి. దుమ్ము ఎక్కడి నుంచి దూరిందో పంచె మీద ఎర్రటి చారలాగా కనబడుతుంది. ఆ చార మొదలైన చోట లాచ్ సర్దండి, కాకుంటే రబ్బరు కింద పలచటి పట్టీ వేయండి. మళ్లీ తిరిగి రండి.

12. ఆ తర్వాత

మొరం రోడ్డు ప్రయాణం అయినప్పుడల్లా రబ్బరును తడిబట్టతో తుడవండి. ఇసుక రేణువులు మిగిలితే ఉప్పుకాగితంలా దాన్ని అరగదీస్తాయి. రబ్బరు మెత్తగా ఉండటానికి సిలికాన్ గ్రీజు రాయొచ్చు. ఇంజిన్ ఆయిలు, వ్యాజలీన్ లాంటివి రాస్తే ఈపీడీఎం ఉబ్బిపోతుంది. నల్లమల వైపు ఆగినప్పుడు సాయంత్రం డోరు తెరిచి వదిలేయకండి, పురుగూ పుట్రా దూరతాయి.

మొదటి వానాకాలంలో ప్రతి పెద్ద వాన తర్వాత డిక్కీ కింది మూలలను చేత్తో తడిమి చూడండి. అక్టోబరులో పలక తీసి లోపలి ప్లై అంచును ఇంకోసారి స్క్రూడ్రైవర్‌తో పరీక్షించండి. గట్టిగా ఉంటే ఆ తర్వాత ఏడాదికోసారి చాలు. సామాను సర్దుబాటు మారినప్పుడల్లా హిచ్ బరువు మళ్లీ తూచుకోవాలి. కోత రోజు తీసిన ఫోటోలు, ట్యూబుల, వైర్ల కొలతల కాగితం, రవాణా కార్యాలయం జవాబు ఒకే కవర్లో పెట్టి ట్రైలర్ ఆర్సీతో పాటు ఉంచండి. రేపు ఆ గోడ విప్పే మేస్త్రీకైనా, బండి కొనుక్కునేవాళ్లకైనా లోపల ఏముందో ఆ కవరు చూస్తే తెలిసిపోతుంది.